మొదటి రింగుకే ఎత్తే ఫోను

అక్క యశోద ఏదో ఒకనాడు మొగుడి చేతిలో పోతుందని, ఆ కబురు తనకు అందరికంటే ఆఖరున అందుతుందని నవనీత భయం. మిగతా భయాలన్నీ దీని తర్వాతే. పిల్లవాడు క్రాంతికి ఒళ్ళు వెచ్చబడితే భయం, ఉరుము ఉరిమితే భయం, మొగుడు గోవర్ధన్ బండి మీద హైవే ఎక్కితే భయం. అవి వచ్చిపోయేవి. ఇది మాత్రం పొద్దున ఆమెతోపాటే లేచేది.

అక్కాచెల్లెళ్ళది తిరుమలగిరి పక్కన పల్లె. తండ్రి లింగయ్యకు గొర్ల మంద ఉండేది. మంద వెనక నడవడానికి మనిషి చాలక నవనీతను ఏడో తరగతిలోనే బడి మాన్పించారు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుతుంది కానీ కూడబలుక్కోలేదు. పెళ్ళీడు రాగానే ఇద్దరినీ ఒకే ఇంటివాళ్ళకిచ్చారు. యశోద మొగుడు సోమన్న గోవర్ధన్‌కు పెదనాన్న కొడుకు. ఇద్దరూ ఒక్కచోట ఉంటారని అప్పుడు అందరూ మురిసిపోయారు. తీరా చూస్తే సోమన్న రైసుమిల్లు పనికని మిర్యాలగూడ చేరాడు. గోవర్ధన్ కోదాడలో ఇల్లు కిరాయికి తీసుకుని ముందుగదిలో కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసివ్వడం, ఇంటర్నెట్ చూపించడం అతని పని.

సోమన్న తాగిననాడు కొట్టి పడుకునేవాడు. తాగనినాడు కొట్టి, ఎందుకు కొట్టాడో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేవాడు. యశోదకు రెండోదే ఎక్కువ భయం. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు నవనీత గోవర్ధన్‌కు చెప్పింది. గోవర్ధన్ మంచివాడే. ఆ మంచితనంతోనే మిల్లుకు ఫోన్ చేసి అన్నను తిట్టిపోశాడు. ఆ తిట్లు మిల్లులో నలుగురూ విన్నారు. ఆ తర్వాత యశోద కొన్నాళ్ళు మంచం మీది నుంచి లేవలేదు. లేచాక ఏదో వంక పెట్టుకుని కోదాడ వచ్చింది. చెల్లెలి చేతిని క్రాంతి తలమీద పెట్టించి ఒట్టు వేయించుకుంది.

"ఇగ మొగోళ్ళకు చెప్పకు, చెల్లె. నీ మొగనికి గూడ చెప్పకు. వాళ్ళు వాళ్ళు మాట్లాడుకుంటరు, దెబ్బలు నేను తింట."

ఆరోజే ఇద్దరూ కలిసి రింగుల ఏర్పాటు చేసుకున్నారు. మిర్యాలగూడలో మిల్లు పక్కన సరోజన అనే ఆమెకు కిరాణా కొట్టుంది. కొట్టు బయట కాయిన్ బాక్సు వేలాడుతుంది. యశోద కూడా మిల్లులోనే కూలికి పోతుంది. మాపటికి వస్తూ ఆ ఫోనులో రూపాయి వేసి కోదాడకు కలుపుతుంది. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే బాగున్నానని. మూడు రింగులిచ్చి పెట్టేస్తే వచ్చి తీసుకుపొమ్మని. నవనీత ఫోను ఎత్తకూడదు. ఎత్తితే రూపాయి పెట్టెలో పడ్డ చప్పుడవుతుంది. అరుగు మీద కూర్చున్న మిల్లు మనుషులు, సోమన్న పెళ్ళాం ఎవరితోనో మాట్లాడిందని పోయి చెప్తారు. ఎత్తకపోతే రూపాయి తిరిగి వస్తుంది. లైను కలవలేదని చెప్పి యశోద ఇంటికి పోవచ్చు.

ఇలా ఏడాది గడిచింది. దీపాలు పెట్టే వేళకు నవనీత పొయ్యి సిమ్‌లో పెట్టి ఫోను పక్కకు చేరేది. రింగు ఒకటి మోగి ఆగితే, ఆమె భుజాలు కిందికి దిగేవి. ఆ తర్వాతే అన్నం దించేది.

రెండువేల నాలుగులో, ఎండలు ముదిరిన రోజుల్లో, గోవర్ధన్ హుజూర్‌నగర్ నుంచి అరచేయంత నల్లడబ్బా ఒకటి తెచ్చాడు. దాని ముఖాన ఎర్రదీపాల వరుస. అది మోడెమ్ అన్నాడు. ఇంతకుముందు కంప్యూటర్ లోపల ఉన్న మోడెమ్ ఇంటర్నెట్‌కు మాత్రమే పనికొచ్చేది. ఇది మాట్లాడే మోడెమ్. ఇక కంప్యూటరే ఫోను. పిల్లలు ఇంటర్నెట్ మీద ఉండగా నవనీత మరచిపోయి రిసీవర్ ఎత్తడం, లైను తెగడం, కాలేజీ పిల్లలు గొణగడం చాలాసార్లే అయింది. ఆ గొడవ తీరిపోతుందని, తమ పాత ఫోనును హుజూర్‌నగర్ దోస్తుకిచ్చి ఈ డబ్బా మార్పిడి చేసుకొచ్చాడు.

తెరమీద ఫోను బొమ్మ, దానిమీద అంకెల బొత్తాలు. మౌసుతో అంకెలు నొక్కితే నంబరు కలుస్తుంది. చెవులకు పెట్టుకునే దానికే మైకు ఉంటుంది, దాంట్లోంచి మాట్లాడాలి. ఎవరైనా చేస్తే కంప్యూటరే ఎత్తి గోవర్ధన్ గొంతుతో పలుకుతుంది, అవతలివాళ్ళు చెప్పింది దాచిపెడుతుంది. "నమస్కారమండీ, క్రాంతి కంప్యూటర్స్‌కు స్వాగతం. దయచేసి మీరు చెప్పదలచుకున్నది చెప్పండి" అని అతను రికార్డు చేస్తుంటే నవనీతకు నవ్వు ఆగలేదు.

"ఎవలకయ్యా గీ అండీలు?"

"కోదాడల అండీ అనకపోతే గిరాకి రాదే. బార్డరు మీద ఉన్నం, అటోళ్ళు ఇటోళ్ళు వస్తరు" అన్నాడతను. "ఇగ నువ్వు ఫోనుకాడికి ఉరుకుడు గూడ లేదు. మొదటి రింగుకే అదే ఎత్తుకుంటది."

నవనీత నవ్వు అక్కడే ఆగిపోయింది.

నాలుగు రింగులు ఆగి ఎత్తేలా చేయరాదా అని అడిగింది. రెండు రింగులకే జనం పెట్టేసి పక్క సెంటర్‌కు పోతారని అతనన్నాడు. ఎందుకని అడిగితే, ఊరికేనే అంది. ఊరికేనే అయితే ఇంకేం, అని అతను పిల్లల రిపోర్టులోకి తల దూర్చాడు. అతని తప్పు కాదు. చెప్పనిది అతనికెలా తెలుస్తుంది? చెప్పడానికి లేదు, క్రాంతి తలమీద వేసిన ఒట్టాయె.

ఆ సాయంత్రం డబ్బాలోంచి సన్నగా ఒక మోత వచ్చింది. అది సగంలో ఉండగానే టక్కుమని, గోవర్ధన్ గొంతు నమస్కారమండీ అంది. అవతల నిశ్శబ్దం. కాసేపటికి లైను తెగింది. తెరమీద మూసిన కవరు బొమ్మ వచ్చింది. గోవర్ధన్ బయటికి పోయాక, అతను చూపించినట్టే నవనీత దానిమీద నొక్కింది. ముందు మిల్లు చప్పుడు వినిపించింది, తర్వాత ఎవరిదో ఊపిరి. ఊపిరి అంటే అందరిదీ ఒకటే కదా అంటారేమో. ఒకే గొంగడిలో పదేళ్ళు పడుకున్న ఊపిరిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు.

అక్కకు విషయం చెప్పే దారి లేదు. మగగొంతు వినగానే యశోద ఏమనుకుని ఉంటుందో నవనీత ఊహించగలదు. మాట్లాడితే మరిది వింటాడు. వింటే మళ్ళీ అన్నకు ఫోన్ చేస్తాడు. అందుకే ఊపిరి తప్ప ఇంకేమీ వదలలేదు. ఆ తర్వాత కూడా రోజూ అంతే. ఒక్క రింగు, నమస్కారమండీ, ఊపిరి. ఇప్పుడు అక్క మూడు రింగులు ఇవ్వాలన్నా ఇవ్వలేదు. రెండో రింగు దాకా ఈ డబ్బా రానివ్వదు. బాగున్నానన్నా ఒక్కటే, చంపుతున్నాడన్నా ఒక్కటే. కొన్నిసార్లు ఇంటర్నెట్ నడుస్తుండగా ఆ వేళ దాటిపోయేది. అప్పుడు ఆ ఒక్కటీ ఉండేది కాదు. పిల్లలు నెట్ కలిపినప్పుడల్లా ఆ డబ్బా, గొర్రె గొంతులో కంప ఇరుక్కున్నట్టు కీచుమని అరిచేది. ఆ అరుపు వినలేక నవనీత పెరట్లోకి పోయేది.

చివరికి ఒకరోజు గట్టిగా అనుకుంది. ఒట్టు వేస్తే వేశాను, ఈ రాత్రికి చెప్పేస్తాను అని. గోవర్ధన్‌కు అన్నం పెడుతూ, "ఇగో, క్రాంతోళ్ళ నాయినా, నీకొకటి చెప్పాలె" అంది. చెప్పు అన్నాడతను. అప్పుడే లోపల క్రాంతి మూలిగాడు. పోయి చూస్తే ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెప్పాలనుకున్నందుకే ఇంత, చెప్తే పిల్లవాడు దక్కుతాడా? ఏమో చెప్తనన్నవ్ అని గోవర్ధన్ అడిగితే, పెరుగు లేదని చెప్దామనుకున్నానంది.

కోదాడలో ఇచ్చిన మందుకు జ్వరం దిగలేదు. సూర్యాపేటలో పిల్లల డాక్టరు మంచివాడని, తమ పిన్నమ్మ బుచ్చమ్మ అక్కడే ఉంటుందని, నవనీత పిల్లవాణ్ణి తీసుకుని బస్సెక్కింది. పోయేముందు మొగుడితో, మాపటిపూట ఫోనొస్తే జర చూడుమని ఎంత మామూలుగా చెప్పగలదో అంత మామూలుగా చెప్పింది. కంప్యూటరే చూసుకుంటది అన్నాడతను. సూర్యాపేట దవాఖానలో పిల్లవాడికి సూదులు వేయిస్తూ, బుచ్చమ్మ ఇంట్లో తడిగుడ్డ వేస్తూ ఉన్న ఆ రోజుల్లో, దీపాలవేళకు ఆమె చెవులు కోదాడలోనే ఉన్నాయి.

జ్వరం దిగింది. తిరిగొచ్చి ముందుగా తెర చూసింది. కవరు లేదు. ఎవరైనా చేశారా అని అడిగింది. గిరాకి ఫోన్లు కొన్ని వచ్చాయని, ఉత్తవి ఏవో వస్తే తీసేశానని గోవర్ధన్ అన్నాడు. ఉత్తవి అన్న మాటకు నవనీత ప్రాణం కుదుటపడింది. ఉత్తది వచ్చిందంటే అక్క ఉంది.

కానీ ఆ సాయంత్రం ఏమీ మోగలేదు. మరునాడూ మోగలేదు.

మూడోనాడు గోవర్ధన్ సామాన్ల కోసం విజయవాడ పోయాడు. చెవులకు పెట్టుకునే దాని వైరును అంతకుముందే క్రాంతి కొరికి తెంపాడు. గోవర్ధన్ దాన్ని కూడా జేబులో వేసుకుని, ఇలాంటిదే చూసి తెస్తానన్నాడు. మాటలు పక్కనున్న స్పీకరు డబ్బాల్లోంచి వినిపిస్తూనే ఉన్నాయి కాబట్టి, అది లేకపోతే ఏమవుతుందో నవనీత ఆలోచించలేదు.

పొద్దు వాలింది. నల్లడబ్బా మోగలేదు. అక్క ఎప్పుడో, మరీ ప్రాణం మీదికొస్తే తప్ప చేయకు అంటూ సరోజన కొట్టు నంబరు చెప్పి ఉంది. నవనీత దాన్ని మనసులోనే దాచుకుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోను బొమ్మ తెరిచి, ఒక్కొక్క అంకె మీదికీ మౌసు బాణాన్ని తోలింది. ఒకసారి తప్పు అంకె పడింది. చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. స్పీకర్లలో రింగు వినిపించింది. ఎత్తారు.

"హలో, ఎవలు?" అంది ఒక ఆడగొంతు.

"అక్కా, నేను యశోద చెల్లెను" అంది నవనీత.

"హలో? మాట్లాడరేంది?"

నవనీత ఇంకా గట్టిగా అంది. స్పీకరు డబ్బాకు నోరు ఆనించి అంది. ఆమె మాట పోవలసిన వైరు విజయవాడలో గోవర్ధన్ జేబులో ఉంది. ఇటు మాట అటు పోవడం లేదు, అటు మాట మాత్రం గది నిండా వినిపిస్తోంది.

కొంతసేపు ఆగి సరోజన గొంతు తగ్గించింది.

"యశోదా, నువ్వేనా? నువ్వే గదా. నువ్వే గిట్ల ఫోను పట్టుకోని పలుకకుంట నిలవడేదానివి. నాకెరుక లేదనుకున్నవా? ఏడున్నవ్ బిడ్డా? తెల్లారకముందే సామాను లారీల ఏసుకోని ఏడికి తోల్కపోయిండు నిన్ను?"

నవనీత కుర్చీలోంచి లేచింది. యశోద చెల్లెను, యశోద చెల్లెను అని అరుస్తూనే ఉంది. క్రాంతి ఏడుపు మొదలుపెట్టాడు.

"పక్కన ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది సరోజన. "మాట్లాడే తీరు లేకుంటే పెట్టెయ్. పెట్టేస్తే నాకు తెలుస్తది, నువ్వేనని, పానంతోటి ఉన్నవని."

పెట్టెయ్యొద్దని నవనీతకు తెలుసు. బాణం ఎక్కడ ఉందో, చెయ్యి తగిలి ఎక్కడ కాల్ తెగుతుందోనని మౌసు వదిలేసి రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. అవతల సరోజన ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోంది. ఎలాగైనా ఈ మాట అటు చేరాలని నవనీత బల్ల మీద దబదబా కొట్టింది.

కరెంటు పోయింది.

తెర నల్లబడింది, ఎర్రదీపాలు ఆరిపోయాయి. గోడలోంచి వచ్చే ఫోను తీగలో ప్రాణం ఉంది. దాని కొసకు తగిలించడానికి ఇంట్లో ఫోను లేదు. పాత ఫోనుకు కరెంటుతో పని ఉండేది కాదు.

పిల్లవాణ్ణి చంకనేసుకుని బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు పరుగెత్తింది. మీటరు ఆగిపోయింది, కరెంటు వచ్చాక రమ్మన్నారు. వచ్చేదాకా అక్కడే మెట్టు మీద కూర్చుంది. వచ్చాక చేస్తే రింగు పోతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. మిర్యాలగూడలో కొట్టు కట్టేసే వేళ దాటిపోయింది.

తెల్లవారి మొదటి బస్సు పట్టుకుని, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరింది. అక్క ఉండే గది మిల్లు గోడ వెనక ఉంటుంది. తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే గది ఊడ్చిపెట్టినట్టుంది. యశోద ఎక్కడికి పోయినా ముందు ఇల్లు ఊడ్చి పోతుంది. దాన్ని చూసి నవనీత ధైర్యం తెచ్చుకుందామనుకుంది, రాలేదు.

కొట్టు దగ్గరికి పోయి తానెవరో చెప్పగానే సరోజన రెండు చేతులూ పట్టుకుంది.

"యశోద చెల్లెవా? భయపడకు బిడ్డా. నిన్న మాపటికి ఫోన్ చేసింది. నోరు తెరువలే, పక్కన వాడున్నట్టున్నడు. పెట్టెయ్ అన్న, టక్కున పెట్టేసింది. గదే సాలు. గంతదాక నేను గూడ నిద్రపోలే. పొద్దుగాలనే ఠాణాకు పోదమనుకున్న, ఇగ ఎందుకని ఊకున్న."

ఆ పెద్దామె ముఖంలో నిమ్మళం కనిపిస్తోంది. దాన్ని తన నోటితోనే తీసేయాలి.

"గది అక్క కాదు. నేను" అంది.

సరోజన ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. అంతా వివరంగా చెప్పుకొచ్చింది. ఎండలు ముదిరినప్పటి నుంచి యశోద ఫోను పట్టుకోగానే రూపాయి పడిపోతోందట. ఏమే మాట్లాడవు, రూపాయి మింగింది కదా అంటే, ఎవరో ఎత్తారు అవ్వా అనేదట. ఆ మగగొంతు విని, పలకకుండానే పెట్టేసేదట. ఆ తర్వాత ఒకరోజు మాపటికి, చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. రూపాయి వేసి కలిపింది, పెట్టేసింది. మళ్ళీ వేసింది, పెట్టేసింది. మూడోసారికి చిల్లర లేకపోతే సరోజనే గల్లాలోంచి తీసిచ్చింది.

"మూడు మాట్లు కలిపినంక ఇగ నా చెల్లె వస్తది అవ్వా అన్నది. మూటగూడ కట్టుకున్న అన్నది. తెల్లారినంక గా గోడ కాడ నిలవడి బస్సొచ్చే దిక్కు సూసింది. ఇంకోనాడు గూడ సూసింది. ఆ మర్నాడే వాడు లారీ తెచ్చిండు."

అవి క్రాంతికి సూదులు వేయిస్తున్న రోజులు.

సోమన్న ఎక్కడికి పోయాడో మిల్లులో ఎవరికీ సరిగా తెలియదు. ఇంకో మిల్లులో జీతం ఎక్కువిస్తామన్నారని ఒకరన్నారు. కృష్ణ దాటి పోతానన్నాడని మరొకరు, నిజామాబాద్ అన్నాడని ఇంకొకరు.

సాయంత్రానికి ఇల్లు చేరేసరికి గోవర్ధన్ కొత్తది తెచ్చి తగిలిస్తున్నాడు. నవనీత క్రాంతిని అతని ఒడిలో కూర్చోబెట్టింది. పిల్లవాడి తలమీద చెయ్యి వేసి, ఆ ఒట్టు సంగతి మొదలుకొని అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ పిల్లవాడి నుదురు తడిమి చూసుకుంటూనే ఉంది. అంతా అయ్యాక గోవర్ధన్ అడిగాడు.

"మూడా?"

"మూడు."

"ఒకదాని ఎంబడి ఒకటి వచ్చినయి. ఎవలో కాలేజీ పోరలు సతాయిస్తున్నరనుకున్న. నేనే తీసేసిన."

అని, అతను తల వంచుకుని పిల్లవాడి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూస్తూ కూర్చున్నాడు. ముందే చెప్పకపోతివి అని అనలేదు. అంటే బాగుండుననిపించింది నవనీతకు.

మర్నాడు ఇద్దరూ పోయి ఠాణాలో ఫిర్యాదు రాసిచ్చారు. గోవర్ధన్ తనకు తెలిసిన మిల్లులన్నిటికీ ఫోన్లు చేశాడు, తెలిసిన లారీ డ్రైవర్లందరికీ చెప్పాడు. తిరుమలగిరి నుంచి లింగయ్య మంద వదిలేసి వచ్చాడు. మిర్యాలగూడలో నాలుగు రోజులు అడిగి అడిగి తిరిగి పోయాడు. కోదాడలో నంబరు మారలేదు. యశోదకు ఆ నంబరు కంఠస్థం. అయినా ఆమె ఎందుకు చేస్తుంది? ఆమె లెక్కలో చెల్లెలు పిలుపు విని కూడా రాలేదు. చేయాలంటే ముందు ఆ మాట అబద్ధమని ఆమెకు తెలియాలి. తెలియజేయడానికి ఆమె ఎక్కడుందో తెలియాలి.

వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి. ఇంతవరకూ కబురు లేదు.

ఇది చదువుతున్న మీ ఊళ్ళో రైసుమిల్లు ఉంటే, దాని వెనక కూలివాళ్ళ గదులుంటే, ఒకసారి అటు పోయి చూడండి. యశోద అని అడగండి. పొడుగు మనిషి, గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. మొగుడు పనికి పోయిన వేళ చూసుకుని అడగండి, మగవాళ్ళు పోకండి, ఇంట్లో ఆడవాళ్ళను పంపండి. బాగుందో లేదో కళ్ళతో చూడండి. తన చెల్లెలు ఆరోజు సూర్యాపేట దవాఖానలో ఉందని, వినలేదని, వింటే వచ్చేదని ఆమెకు చెప్పండి.